తెరచాప పడవలో ఒక ఫోటోగ్రఫీ పాఠం: పులికాట్ సరస్సు, ఇరకం దీవి



ఫోటోగ్రఫీ అంటే డబ్బున్నవాళ్ళ సరదా అని మనలో చాలామంది అనుకుంటాం. పక్షుల ఫోటోలంటే మరీను. పెద్ద కెమెరా, పొడుగాటి లెన్సు, జీపు, అడవి బంగళా ఇవన్నీ ఉంటేనే ఆ పని అని భావిస్తాం. మేము కూడా సంక్షేమ హాస్టళ్ళలో చదువుకుని పి.జి. దాకా వచ్చినవాళ్ళమే. మా ఇళ్ళలో డిగ్రీ చేతికి అందుకున్న మొదటి తరం మేమే. మా విభాగంలో అందరికీ కలిపి ఉన్నది ఒక్క కెమెరా. దానితోనే ఏడుగురం గత ఫిబ్రవరి మొదటి వారంలో పులికాట్ సరస్సు మీద తెరచాప పడవలో ఒకరోజు తిరిగి వచ్చాం. ఆ రోజు నేర్చుకున్నవాటిని పాఠం రూపంలో ఈ వార్షికోత్సవ సంచికకు రాస్తున్నాం. ఇందులో భౌతికశాస్త్రం ఉంది, జీవశాస్త్రం ఉంది, కొంచెం చట్టం, కొంచెం లెక్కలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆ సరస్సు మీద ప్రతి ప్రాణీ ఏదో ఒక పనిలో ఉంటుంది. పక్షి మేత మేస్తుంటుంది, మనిషి వల లాగుతుంటాడు. మన రాకతో ఎవరి పనీ ఆగకూడదు. అలా తీసిన ఫోటోయే మంచి ఫోటో.

సరస్సు ఎక్కడ ఉంది?

పులికాట్ మన దేశంలో ఒడిశాలోని చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. దీని పాత తెలుగు పేరు ప్రళయ కావేరి. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. వర్షాకాలంలో నిండి 450 చదరపు కిలోమీటర్ల వరకు విస్తరిస్తుంది, ఎండాకాలంలో 250కి కుంచించుకుపోతుంది. ఇంత పెద్ద సరస్సు లోతు మాత్రం సగటున ఒక మీటరే. చాలాచోట్ల మోకాలి లోతులో నడిచిపోవచ్చు.

స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల మంచినీరు ఒకవైపు నుంచి, బంగాళాఖాతపు ఉప్పునీరు మరొకవైపు నుంచి వచ్చి ఇక్కడ కలుస్తాయి. సరస్సుకూ సముద్రానికీ మధ్య అడ్డుగోడలాగా ఉన్న ఇసుక దీవి శ్రీహరికోట. 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్నది అక్కడినుంచే. సరస్సు లోపల ఇరకం, వేనాడు వంటి దీవులున్నాయి. తడ, సూళ్ళూరుపేట మండలాలు 2022లో జిల్లాల విభజన జరిగినపుడు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చెన్నై - గూడూరు రైలు మార్గంలో తడ, సూళ్ళూరుపేట స్టేషన్లు రెండూ ఉన్నాయి కాబట్టి ప్యాసింజరు రైలు టిక్కెట్టుతోనే చేరుకోవచ్చు. తడ దగ్గరి భీములవారిపాళెం పడవల రేవు నుంచి ఇరకం దీవికి పడవలు వెళతాయి.

బయలుదేరే ముందు

సరస్సులో మన రాష్ట్రపు భాగాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి బయటివారు అనుమతి లేకుండా పోరాదు. ఆ చట్టంలోని 28వ సెక్షన్ ఏయే పనులకు అనుమతి ఇవ్వవచ్చో వరుసగా చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం వీటితోపాటు ఫోటోగ్రఫీ కూడా ఆ జాబితాలో ఉంది. అంటే విద్యార్థి కాగితం మీద అడిగితే అధికారి పరిశీలించవలసిన అంశమే ఇది. మేము మా విభాగాధిపతి గారి ఉత్తరం జతచేసి అటవీశాఖకు ముందుగానే అర్జీ పెట్టుకున్నాం. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం పరిధిలోకి పడవ పోకూడదు, ఆ వైపు కెమెరా తిప్పకూడదు అనేది కూడా ముందే తెలుసుకోవాలి.

తీసుకుపోవలసినవి: ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ (ఈత వచ్చినా సరే, లోతు తక్కువైనా సరే), తాగేనీళ్ళు, టోపీ లేదా తువ్వాలు, మట్టి రంగు లేదా ఆకుపచ్చ చొక్కాలు, పులిహోర పొట్లాలు, కెమెరా కప్పడానికి ప్లాస్టిక్ సంచి, రెండు పొడి గుడ్డలు, నోటుపుస్తకం, పెన్సిలు, జామెట్రీ బాక్సులోని స్కేలు. స్కేలు ఎందుకో తరువాత చెబుతాం. ఉప్పునీటి తుంపర లెన్సు మీద పడితే వెంటనే మెత్తని గుడ్డతో తుడవాలి. పడవలో ఉండగా లెన్సు మార్చకూడదు.

గాలి, తెరచాప

మోటారు పడవ ఉండగా తెరచాప పడవ ఎందుకు అని మమ్మల్ని చాలామంది అడిగారు. కారణాలు రెండు. మోటారు శబ్దం, అది లేపే అలలు పక్షుల్ని చాలా దూరం నుంచే కలవరపెడతాయి. రెండవది, మోటారు అదురుకు కెమెరా కూడా అదురుతుంది. తెరచాప పడవకు ఈ బాధలు లేవు. కాని దానికి గాలి కావాలి. గాలిని అర్థం చేసుకోవడం ఇక్కడ మొదటి పాఠం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో భూపవనాలు, సముద్ర పవనాల గురించి చదువుకున్నాం. నేల తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చల్లబడుతుంది. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లబడుతుంది. తెల్లవారుజామున నేల చల్లగా ఉంటుంది కాబట్టి గాలి నేల మీదినుంచి నీటివైపు వీస్తుంది. మధ్యాహ్నానికి నేల కాగిపోతుంది కాబట్టి గాలి సముద్రం మీదినుంచి నేలవైపు తిరుగుతుంది. పరీక్షలో రెండు మార్కులకు రాసే ఈ సంగతి పులికాట్ పడవవాళ్ళకు ప్రయాణాల సమయ పట్టిక. ఈశాన్య ఋతుపవనాల గాలి బలం తగ్గిన ఫిబ్రవరి రోజుల్లో తెల్లవారుజామునే బయలుదేరితే పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది, తూర్పున ఉన్న ఇరకం దీవికి పోవడం సులువు. మధ్యాహ్నం దాటాక తూర్పు గాలి లేస్తుంది, అది ఇంటికి చేరుస్తుంది.

మా పడవ నడిపిన పెద్దాయన బడికి పోలేదు. కాని నీటి మీద ముడత ఏ వైపు కదులుతుందో చూసి, పదినిమిషాల్లో రాబోయే గాలిని చెప్పేవాడు. గాలి ఎదురైనప్పుడు పడవ నేరుగా పోలేదు. తెరచాపను ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పుతూ వంకరటింకరగా పోవాలి. లోతు లేని సరస్సు కనుక ఈ పడవల అడుగు బల్లపరుపుగా ఉంటుంది, పక్కగాలికి జారిపోతాయి. అలాంటప్పుడు తెరచాప దించి పొడుగాటి గెడను అడుగున బురదలో పొడిచి నెట్టుకుపోతారు. మేము బలాల సమాంతర చతుర్భుజం బొమ్మ గీసి వివరించుకున్నది ఆయన భుజాలకు ఎప్పటినుంచో తెలుసు.

వెలుతురు ఎటునుంచి?

గాలి ఇచ్చిన సౌకర్యంలోనే ఒక చిక్కు కూడా ఉంది. పొద్దున గాలి మనల్ని తూర్పుకు తీసుకుపోతుంది. ఆ కాలంలో ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు లేచేదీ తూర్పునే. అంటే పడవ ముక్కు సూర్యుడి వైపే ఉంటుంది. ఎదురుగా ఉన్న పక్షులు నల్లటి నీడల్లా పడతాయి. సాయంత్రం పడమటికి తిరిగి వస్తుంటే సూర్యుడు మళ్ళీ ఎదురుగానే ఉంటాడు. గాలికి అనుకూలంగా పోయేవాడికి రెండుపూటలా ఎదురు వెలుతురే!

దీనికి ఉపాయం వెనక్కి తిరిగి చూడటమే. పక్షుల గుంపును దూరంగా దాటి పోయి, తూర్పు వైపుకు చేరి, అక్కడినుంచి పడమటి దిక్కుగా చూస్తే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. పక్షి రంగులు, కంటి మెరుపు అప్పుడు స్పష్టంగా కనబడతాయి. మేము తీసిన మంచి ఫోటోలన్నీ పడవ వెనకభాగంలో కూర్చున్నవాళ్ళు తీసినవే. ఎదురు వెలుతురును కూడా వృథా చేయనక్కరలేదు. వలల కర్రలు, తెరచాపలు, బారులు తీరిన పక్షుల ఆకారాలు నీడబొమ్మలుగా చాలా బాగుంటాయి.

ఇంకొక మాట. కెమెరాలోని వెలుతురు కొలిచే సాధనానికి ఏది తెలుపో, ఏది నలుపో తెలియదు. అన్నిటినీ నడిమి బూడిదరంగుగా చేయాలని చూస్తుంది. ఫ్రేము నిండా తెల్లటి పక్షులుంటే అవి మురికిగా పడతాయి, అప్పుడు ఎక్స్‌పోజర్ కొంచెం పెంచాలి. నల్లటి నీటిలో ఒక్క తెల్ల కొంగ ఉంటే ఈకల గీతలు కనబడకుండా తెల్లగా కాలిపోతుంది, అప్పుడు తగ్గించాలి. పడవ ఊగుతూ ఉంటుంది కనుక 300 మి.మీ. లెన్సుతో షట్టరు వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకూడదు. ఎగిరే పక్షికైతే 1000వ వంతు కావాలి.

ఎంత దగ్గరికి పోవాలి? ఒక చిన్న లెక్క

కెమెరా పట్టుకున్న ప్రతివాడికీ "ఇంకొంచెం దగ్గరికి" అనే ఆశ ఉంటుంది. దానికి లెక్కతో సమాధానం చెబుదాం. కెమెరా లోపల పడే బొమ్మ ఎత్తు ఇలా వస్తుంది: లెన్సు నాభ్యంతరాన్ని పక్షి ఎత్తుతో గుణించి, దూరంతో భాగించాలి. ఫ్లెమింగో మెడ ఎత్తి నిలబడితే సుమారు 1.3 మీటర్లు ఉంటుందనుకుందాం. అది 100 మీటర్ల దూరంలో ఉంది. మన లెన్సు 300 మి.మీ.

300 × 1.3 ÷ 100 = 3.9 మి.మీ.

మామూలు డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో బొమ్మ పడే సెన్సారు ఎత్తు సుమారు 15 మి.మీ. కనుక పక్షి ఫ్రేములో నాలుగోవంతు ఉంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే ఫ్రేము ఎత్తు 4000 చుక్కలు. అందులో నాలుగోవంతు 1000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే పక్షి మూడంగుళాలకు పైగా వస్తుంది. మన గోడపత్రికకు అది చాలు. కాబట్టి 100 మీటర్లు దాటి ముందుకు పోవలసిన అవసరమే లేదు.

మరి సెల్‌ఫోన్‌తో? ఫోను లెన్సు అసలు నాభ్యంతరం 6 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. అదే లెక్క వేస్తే పక్షి ఫ్రేములో ఎనభయ్యో వంతు, అంటే ఒక చుక్క. ఫోనుతో పక్షి ముఖం తీయాలని వెంటపడటం దండగ. ఫోనుతో తీయవలసినవి వేరే ఉన్నాయి: సరస్సు విస్తీర్ణం, ఆకాశం, బురదమీద కాలిముద్రలు, రాలిన ఈక, వల ముడి, పడవ కట్టిన తీరు. ఇవి కూడా అధ్యయనానికి పనికొచ్చేవే.

నీటి మీద 100 మీటర్లని ఎలా తెలుస్తుంది? ఇక్కడే స్కేలు కావాలి. చేయి బారుగా చాపితే కంటికీ స్కేలుకూ మధ్య సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది. 1.3 మీటర్ల పక్షి 100 మీటర్ల దూరంలో ఆ స్కేలు మీద 8 మి.మీ. ఎత్తు కనబడుతుంది. 16 మి.మీ. కనబడితే మనం 50 మీటర్ల దగ్గరకు వచ్చేశామన్నమాట. సరూప త్రిభుజాల సూత్రమే ఇది. మీలో ఎవరైనా చెట్టుకు, విద్యుత్ స్తంభానికి ప్రయత్నించి చూడవచ్చు.

పక్షి చెప్పే మాట

లెక్క మనది, తీర్పు మాత్రం పక్షిదే. ఒక గుంపు దగ్గర స్కేలు మీద 5 మి.మీ. ఉండగానే, అంటే ఇంకా 150 మీటర్ల దూరం ఉండగానే, రెండు మూడు ఫ్లెమింగోలు మేత ఆపి తలలెత్తాయి. పెద్దాయన వెంటనే గెడ నాటి పడవ ఆపేశాడు. "అబ్బయా, ఇంక దగ్గరికి పోబాకండి. తల ఎత్తిందంటే మనల్ని చూసినట్టు. నడక మొదలుపెట్టిందంటే వద్దంటున్నట్టు. ఇంకా పోతే లేచిపోతాయి" అన్నాడు. పక్షిశాస్త్రజ్ఞులు చెప్పే వరుస కూడా ఇదే. మొదట మేత ఆపడం, తల ఎత్తడం, తరువాత దూరంగా నడవడం, రెక్కలు విప్పడం, చివరకు ఎగిరిపోవడం. మొదటి గుర్తు దగ్గరే మనం ఆగాలి. అక్కడ ఆగి, తెరచాప దించి, కదలకుండా అరగంట కూర్చున్నాం. తలలు మళ్ళీ కిందికి దిగాయి. మేత మేస్తున్న ఫ్లెమింగోల ఫోటోలు మాకు అప్పుడే వచ్చాయి.

ఎగిరితే ఏమవుతుంది, మళ్ళీ వచ్చి వాలుతుంది కదా అనుకోవచ్చు. సూదితోక బాతుల వంటి వలస పక్షులు మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాలనుంచి చలికాలానికి ఇక్కడకు వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. ఆ కొవ్వే వాటి దారి ఖర్చు. మనం ఒకసారి లేపితే మేత సమయం పోతుంది, కూడబెట్టిన శక్తి కూడా ఖర్చవుతుంది. మన వెనక ఇంకొక పడవ వచ్చి మళ్ళీ లేపితే, రోజుకు పదిసార్లు అలా జరిగితే నష్టమెంతో ఊహించండి. "ఎగురుతున్న గుంపు" ఫోటో కోసం చప్పట్లు కొట్టడం, రాళ్ళు విసరడం, డ్రోన్లు ఎగరేయడం అందుకే తప్పు. చట్టరీత్యా కూడా నేరమే.

ఎవరు ఏ పనిమీద ఉన్నారు?

పక్షి ఏం పని చేస్తోందో తెలిస్తే ఫోటోకు అర్థం వస్తుంది. ఫ్లెమింగో తలను తలకిందులుగా నీటిలో ముంచి మేస్తుంది. దాని ముక్కు అంచుల్లో జల్లెడ వంటి సన్నని పళ్ళవరుస ఉంటుంది. నాలుకతో నీటిని లోపలికి లాగి బయటకు నెడుతుంటే నాచు, చిన్న రొయ్యలవంటి జీవులు ఆ జల్లెడలో ఆగిపోతాయి. ఆ మేతలోని కెరోటినాయిడ్లవల్లే రెక్కలకు గులాబీ రంగు వస్తుంది. పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. గుంపులో బూడిదరంగువి కనబడితే అవి ఇంకా ఎదగని పక్షులని గుర్తు. మన దేశంలో ఫ్లెమింగోలు పెద్ద సంఖ్యలో గూళ్ళు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతంలో. పులికాట్ వాటికి మేత పొలం.

గూడబాతుల పని వేరు. వాటి గూళ్ళు దగ్గరలోని నేలపట్టులో ఉంటాయి. 1976లో అభయారణ్యమైన నేలపట్టు విస్తీర్ణం 458.92 హెక్టార్లే. అక్కడి చెరువులో నీళ్ళలో నిలబడి ఉండే కడప చెట్లమీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు గూళ్ళు కడతాయి. గూడబాతు పులికాట్‌లో చేపలు పట్టి నేలపట్టులో ఉన్న పిల్లలకు మోసుకుపోతుంది. సరస్సు మీద మనం గూడబాతును బెదరగొడితే ఎక్కడో చెట్టుమీద పిల్ల ఆకలితో ఉంటుందన్నమాట. నేలపట్టు ఊరివాళ్ళు తరతరాలుగా ఈ పక్షుల జోలికి పోరు, పోనివ్వరు. పక్షుల రెట్టలతో ఎరువైన చెరువు నీరు వారి పొలాలకు బలం. సూళ్ళూరుపేటలో 2001లో ఫ్లెమింగో పండుగ మొదలు కాకముందే ఈ ఊరివాళ్ళు ఆ పండుగ చేసుకుంటున్నట్టే లెక్క.

మనుషుల ఫోటోలు

ఈ భాగం మీరు జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాం. సరస్సు మీద ఫోటో తీయడానికి పక్షులకంటే మనుషులే సులువుగా దొరుకుతారు. వాళ్ళు ఎగిరిపోరు. అందుకే వచ్చినవాళ్ళు అడగకుండానే తీసేస్తుంటారు.

సరస్సు ఎవరికి వారు వలవేసుకునే చోటు కాదు. మత్స్యకార గ్రామాల్లో "పాడు" అనే పాత కట్టుబాటు ఉంది. మంచి చేపలు పడే చోట్లను గుర్తించి, చీట్లు వేసి, ఏ రోజు ఎవరి వంతో నిర్ణయించుకుంటారు. తగాదాలు లేకుండా చేసుకున్న మంచి ఏర్పాటే. కాని ఈ హక్కు పుట్టుకతో కొన్ని కుటుంబాలకే వచ్చేది. పాడులో వంతు లేని యానాదులు, మరికొందరు పేదలు లోతు తక్కువ ఉన్నచోట నీళ్ళలో కూర్చుని చేతులతో తడుముకుంటూ రొయ్యలు ఏరుకుంటారు. సరస్సు అందరిదీ అయినా అందులో చోటు అందరికీ సమానంగా లేదని మనలాంటివాళ్ళం గమనించకపోతే ఇంకెవరు గమనిస్తారు?

దీవి దగ్గర ఒక అమ్మ అలా రొయ్యలు ఏరుతోంది. తాటాకు బుట్టను నోట కరిచిపట్టుకుని, రెండు చేతులూ బురదలో పెట్టి వెతుకుతోంది. మేము కెమెరా చూపించి "తీసుకోవచ్చా అమ్మా?" అని అడిగాం. నోట బుట్ట ఉంది కనుక మాట్లాడలేదు. తల అడ్డంగా ఊపింది. మేము కెమెరా సంచిలో పెట్టేశాం. గంట తరువాత ఆమె ఒడ్డుకు వచ్చి, ముఖం కడుక్కుని, జుట్టు ముడి వేసుకుని, రొయ్యల బుట్ట పక్కన పెట్టుకుని నిలబడి, "ఇప్పుడు తీయండి నాయనా. బురదలో ఉండేది వద్దు. మా పిల్ల హాస్టల్లో చదువుతుండాది, దానికి పంపించాల" అంది.

కష్టం కనబడే ఫోటోయే గొప్పదని పోటీల్లో బహుమతులిచ్చేవాళ్ళు అనుకోవచ్చు. కాని తన ఫోటో ఎలా ఉండాలో చెప్పే హక్కు ఆమెది. మన అమ్మానాన్నలు కూలి పనిలో ఉండగా ఎవరో వచ్చి అడగకుండా ఫోటో తీసి, కింద "పేదరికం" అని పేరు పెడితే మనకెలా ఉంటుందో ఆలోచించండి. మేము ఆమె ఫోటో రెండు ప్రతులు వేయించి పంపాం. ఒకటి ఆమెకు, ఒకటి ఆమె కూతురుకు. మా దగ్గర ఉన్న ప్రతిని ఎక్కడా ప్రదర్శనకు పెట్టలేదు.

ఇసుక మూసేస్తున్న తలుపు

ఫోటోలు అందం కోసమే కాదు, సాక్ష్యం కోసం కూడా. పులికాట్‌కు సముద్రంతో కలిసే ముఖద్వారాలున్నాయి. మన రాష్ట్రంలో రాయదొరువు, తూపిలిపాళెం దగ్గర, తమిళనాడులో పళవేర్కాడు దగ్గర అవి ఉన్నాయి. అలలు తెచ్చిపోసే ఇసుకతో ఈ ద్వారాలు పూడిపోతుంటాయి. పూడితే ఏమవుతుందో చూద్దాం.

రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల రొయ్యలు ఆటుపోట్లతో ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, ఇక్కడ పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. తలుపు మూసుకుంటే పిల్ల రొయ్యలు లోపలికి రావు. ఎండాకాలంలో నీరు ఆవిరై ఉప్పు పెరిగిపోతుంది, సరస్సు ఎండిపోతుంది. వల వేసేవాడికీ, చేత్తో ఏరుకునే అమ్మకూ, గూడబాతుకూ ఒకేసారి తిండి తగ్గుతుంది. ముఖద్వారాల పూడిక తీయించాలని మత్స్యకారులు చాలాకాలంగా అడుగుతున్నది ఇందుకే. ప్రతి సంవత్సరం ఒకే నెలలో, ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు ఒక ఫోటో తీసి తేదీ వేసి దాచిపెడితే, పదేళ్ళలో నీరు ఎంత వెనక్కి పోయిందో ఎవరూ కాదనలేని రుజువు అవుతుంది. ఇందుకు పెద్ద లెన్సు అవసరం లేదు. ఫోను చాలు.

తిరిగి వచ్చాక

ఆ రోజు మేము 600కు పైగా ఫోటోలు తీశాం. అదేరోజు రాత్రి కూర్చుని 40 ఉంచుకున్నాం. ప్రతిదానికీ నోటుపుస్తకంలో ఆరు విషయాలు రాశాం: తేదీ, సమయం, చోటు, గాలి దిక్కు, పక్షి ఏం చేస్తోంది, స్కేలు మీద ఎత్తు. ఈ ఆరూ లేని ఫోటో అందంగా ఉండవచ్చు కాని చదువుకు పనికిరాదు. ఈ ఆరూ ఉంటే మసకగా ఉన్న ఫోటో కూడా సమాచారమే. గూళ్ళున్న చోటు ఎక్కడో మాత్రం అందరికీ తెలిసేలా ఫోను ద్వారా పంచకూడదు. ఆ సమాచారం వేటగాళ్ళకు కూడా చేరుతుంది.

మీరు చేయగల అభ్యాసం

పులికాట్ దాకా అందరూ పోలేరు. పోనక్కరలేదు కూడా. మన ప్రతి ఊరికీ చెరువో, కుంటో, కాలువో ఉంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పనులు చేసి చూడండి.

1. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి చెరువుగట్టు మీద నిలబడి గాలి ఎటునుంచి వీస్తోందో వారం రోజులు రాయండి. సముద్ర తీరపు ఊరివాళ్ళకు, లోపలి ఊరివాళ్ళకు తేడా ఎందుకు వచ్చిందో చర్చించండి.

2. తెల్ల కొంగ మీ వైపు తల ఎత్తగానే ఆగిపోండి. అక్కడినుంచి దానికెంత దూరమో స్కేలుతో కట్టండి. మట్టి రంగు చొక్కాతో ఒకసారి, ఎర్ర చొక్కాతో ఒకసారి చేసి దూరాలు పోల్చండి. ఒక పక్షిని రోజుకు ఒకసారికి మించి కదిలించవద్దు.

3. చెరువుమీద బతికేవాళ్ళు ఎవరెవరో జాబితా రాయండి. ఎవరికి అందులో వంతు ఉంది, ఎవరికి లేదు అనేది ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి.

4. కెమెరా ఉన్న ఎవరినైనా అడిగి, చెరువును ఒకేచోటునుంచి ఏటా ఒక ఫోటో తీయించి హాస్టల్ గ్రంథాలయంలో ఉంచండి. మీ తరువాత వచ్చే బ్యాచ్‌లు కొనసాగించాలి.

గాలి సంగతి, నీటి సంగతి, పక్షి సంగతి మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఎంతో తెలుసు. వాళ్ళు దానిని చదువని అనరు, ఎవరూ వారిని అడిగి రాసుకోలేదు కూడా. రాయడం నేర్చుకున్న మనమే ఆ పని చేయాలి. వాళ్ళ పని చెడకుండా, వాళ్ళ పేరు చెడకుండా, వాళ్ళను అడిగి మరీ చేయాలి.